ఫైర్‌బాల్ పడేలోపు రెండు గీతలు: తిరుపతి డీఎంకి జవాబు

ప్రశ్న: అన్నా, మేం అయిదుగురం ఆదివారాలు తిరుపతిలో మా మేడ మీద గదిలో డంజియన్స్ అండ్ డ్రాగన్స్ (ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా డైస్ వేస్తూ కథ నడిపే ఆట) ఆడతాం. డీఎం (డంజియన్ మాస్టర్, అంటే కథ నడిపి తీర్పులు చెప్పేవాడు) నేనే. చంద్రగిరి కోట చూసొచ్చాక అట్లాంటి కోట ఒకటి గీసుకుని కథ నడుపుతున్నా. పోయిన వారం సీన్ ఇది: 10 అడుగుల వెడల్పు నడవా, దాని చివర 30 బై 30 గది. గదిలో గాబ్లిన్లు (మరుగుజ్జు రాక్షసులు), వాటి మధ్యలో మా ఫైటర్ (యోధుడు). రోగ్ (చాటుమాటుగా తిరిగే పాత్ర) ఒక లావుపాటి రాతి స్తంభం వెనక నక్కి ఉంది. ఎదుటి గోడలో రాతి జాలీ కిటికీ, దాని వెనక శత్రువుల పూజారి. నడవాలో నిలబడ్డ విజార్డ్ (మా మంత్రగాడు) పేలే మంటగోళం మంత్రం తీసి "గది మధ్యలో ఫైర్‌బాల్" అన్నాడు, నేను వెంటనే డైస్ వేయించేశా. ఫైటర్ ప్రాణబలం సున్నాకి పడిపోయింది. "స్తంభం వెనకున్న నాకెట్లా తగులుతుంది" అని రోగ్ ఆడే అమ్మాయి అడిగింది. "గది చిన్నది, మిగిలిన మంట నడవాలోకి వచ్చి వేసినోణ్ణే కాల్చాలి" అని మా బావ అంటాడు. ఆయన బెంగళూరు నుంచి వస్తాడు, క్లెరిక్ అనే పాత్ర ఆడతాడు, పాత ఎడిషన్ నుంచి ఆడుతున్నాడు. "మనోళ్లని తప్పించే వేశాను కదా" అని విజార్డ్. పూజారి మీద జాలీలోంచి హోల్డ్ పర్సన్ (మనిషిని కదలకుండా కట్టేసే మంత్రం) పడుతుందా అని ఇంకో రచ్చ. ఆట అక్కడే ఆగిపోయింది. ఫైటర్ ఆడేవాడు ఈ వారం రానంటున్నాడు. ఎవరిది కరెక్టు? ఇప్పుడు నేనేం చేయాలి?

సమాధానం: తమ్ముడూ, ముందు తీర్పులు చెప్పేస్తా, కారణాలు తర్వాత. మిగిలిన మంట నడవాలోకి పొంగి రాదు. జాలీలోంచి హోల్డ్ పర్సన్ పడుతుంది. మనోళ్లని తప్పించి ఫైర్‌బాల్ వేయడం మామూలు విజార్డ్‌కి కుదరదు. రోగ్‌కి తగిలిందా లేదా అన్నది మీరు ఏ ఏడాది పుస్తకం పెట్టుకుని ఆడుతున్నారో దాన్నిబట్టి ఉంటుంది. ఫైటర్ పడిపోయిన సంగతి మాత్రం రూల్‌తో తేలేది కాదు, అది నువ్వు సరిచేయాలి, ఎట్లాగో చివర్లో చెబుతా.

పుస్తకం సంగతి ముందే తేల్చుకోండి. 2014లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అనే నియమాల పుస్తకం ఒకటి, 2024లో వచ్చింది ఇంకొకటి. పైకి చూస్తే రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ స్పెల్స్ (మంత్రాలు) దగ్గర చిన్న చిన్న వాక్యాలు మారాయి, మీ గొడవలో సగం అట్లాంటి ఒక్క వాక్యం మీదే ఉంది. పుస్తకాలు ఖరీదు, అందరూ కొనలేరు, అది నాకు తెలుసు. అందుకే చెబుతున్నా, మూల నియమాలన్నీ ఉన్న సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్‌ని ఆ ఆట తయారుచేసే కంపెనీయే ఉచితంగా పెట్టింది. 2014 నియమాలది 5.1, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా వాడుకోగల ఉచిత లైసెన్స్) కిందికి వచ్చింది. కొత్త నియమాలది 5.2, 2025లో వచ్చింది. ఫైర్‌బాల్, హోల్డ్ పర్సన్, థండర్‌వేవ్ (ఉరుము దెబ్బ మంత్రం) అన్నీ వాటిలో ఉన్నాయి. మీ అయిదుగురి ఫోన్లలో ఒకటే ఫైల్ ఉండాలి, ఒకరి దగ్గర 5.1, ఇంకొకరి దగ్గర 5.2 ఉంటే ఇదే గొడవ మళ్లీ వస్తుంది.

ఇక అసలు విషయం. ఏరియా స్పెల్ (ఒక చోటంతటికీ తగిలే మంత్రం) ఏది వేసినా రెండు గీతలు గీయాలి. మొదటి గీత వేసేవాడి నుంచి పాయింట్ (మంత్రం పుట్టే చోటు) దాకా. రెండో గీత ఆ పాయింట్ నుంచి గదిలో ఉన్న ఒక్కొక్కరి దాకా. ఈ రెండింటినీ కలిపేసి ఒకటిగా చూడటం వల్లే టేబుల్ దగ్గర అరుపులు వస్తాయి, నేను చూసిన ఏరియా గొడవలన్నీ దాదాపు ఇక్కడివే.

మొదటి గీత తీసుకో. ఫైర్‌బాల్ మనిషిని టార్గెట్ చేయదు, రేంజ్ 150 అడుగుల లోపల ఒక పాయింట్‌ని ఎంచుకోమంటుంది, అంతే. ఆ పాయింట్ కంటికి కనిపించాలని కూడా అందులో లేదు, గది చీకటిగా ఉన్నా "తలుపు నుంచి 15 అడుగుల లోపలికి" అని చెప్పి వేయొచ్చు. కావాల్సింది దారి. వేసేవాడికీ పాయింట్‌కీ మధ్య పూర్తిగా మూసేసే అడ్డు ఉండకూడదు. కనిపించని చోట పాయింట్ పెట్టి, మధ్యలో గోడో మూసిన తలుపో ఉందనుకో, ఆ అడ్డుకి ఇవతలి పక్కనే పేలుతుంది, అంటే మీ విజార్డ్ మూసిన తలుపు అవతలికి వేయాలని చూస్తే మంట నడవాలో మీ నెత్తినే పడుతుంది. మీ సీన్‌లో తలుపు అడ్డం లేదు, నడవా నుంచి గది మధ్యకి తిన్నగా దారి ఉంది, కాబట్టి మొదటి గీత దగ్గర విజార్డ్ తప్పేం లేదు. ఇంకొకటి, రేంజ్ అన్నది పాయింట్‌కి మాత్రమే. 150 అడుగుల దూరంలో పాయింట్ పెడితే మంట 170 అడుగుల దాకా పోతుంది, దాన్నెవరూ ఆపక్కర్లేదు.

పాయింట్ పడ్డాక విజార్డ్‌ని మర్చిపో. ఆయన ఎక్కడ నిలబడ్డాడు, ఆయనకి ఎవరు కనిపిస్తున్నారు, ఎవరు కనిపించడం లేదు అన్నవి ఇక లెక్కలోకి రావు. ఇప్పుడు చూడాల్సింది పాయింట్ నుంచి. పాయింట్ నుంచి ఒక చోటికి అడ్డం లేని తిన్నని గీత ఒక్కటైనా పోతే ఆ చోటు ఏరియాలో ఉన్నట్టు. ఒక్కటి కూడా పోకపోతే లేనట్టు. ఆ అడ్డు పూర్తి అడ్డు అయితేనే లెక్క, నడుము ఎత్తు పిట్టగోడ, విరిగిన బల్ల లాంటివి మంటని ఆపవు, డెక్స్టెరిటీ సేవ్‌కి (దెబ్బ తప్పించుకోవడానికి వేసే డైస్‌కి) కాస్త కలుపుతాయి, సగం కవర్ (చాటు) అయితే 2, ముప్పావు అయితే 5.

రోగ్ ఆడే అమ్మాయి ప్రశ్న ఇక్కడికొస్తుంది. ఆమెని ముందు నేను అడిగేది ఒకటే: స్తంభం వెనక అంటే ఎవరికి వెనక? విజార్డ్‌కి వెనకా, గాబ్లిన్లకి వెనకా, లేక గది మధ్యలో పెట్టిన పాయింట్‌కి వెనకా? విజార్డ్ కంటికి స్తంభం అడ్డం ఉండి, గది మధ్యకి మాత్రం ఆమె బయటే ఉందంటే ఆ స్తంభం ఉన్నా లేకపోయినా ఒకటే, ఏ పుస్తకం తీసినా తగులుతుంది, కవర్ కూడా రాదు, ఎందుకంటే అడ్డుకి అవతలి నుంచి వచ్చేవాటికే ఆ అడ్డు పనికొస్తుంది. స్తంభం సరిగ్గా పాయింట్‌కీ ఆమెకీ మధ్య ఉండి, ఆమె మొత్తం దాని చాటున ఉంటే అప్పుడు పుస్తకం చూడాలి. 2014 ఫైర్‌బాల్‌లో మంట మూలలు తిరిగి పోతుందని ఒక వాక్యం ఉంది. ఆ వాక్యం మామూలు గీతల రూల్‌ని పక్కన పెడుతుంది, కాబట్టి ఆమెకి తగులుతుంది. 2024 ఫైర్‌బాల్‌లో ఆ వాక్యం తీసేశారు, కాబట్టి పూర్తి చాటున ఉన్న మనిషికి తగలదు. ఒక్క వాక్యం పోయినందుకు ఒక కేరక్టర్‌కి మొత్తం డామేజీ తప్పిపోతుంది.

2014 ప్రకారం ఆడుతుంటే నా తీర్పు ఎట్లా ఉంటుందో చెబుతా. ఇది నా టేబుల్ అలవాటు, పుస్తకంలో ఇంత వివరం లేదు. మూల తిరిగే మంటకి దూరం తిరిగిన దారి వెంట కొలుస్తా, గోడ అవతలికి కొలబద్ద పెట్టి కాదు. స్తంభం చుట్టూ తిరిగి 20 అడుగుల లోపు చేరితే తగులుతుంది, చేరకపోతే లేదు. తగిలినా, అంత లావు రాయి చాటున ఉన్న మనిషికి సేవ్ మీద 5 ఇస్తా. ఆమె దాక్కోవడం అనే పని చేసింది, ఆ పనికి ఎంతో కొంత ఫలితం ఉండాలి. రోగ్ 7వ లెవెల్‌కి చేరిందంటే ఇవేజన్ కూడా ఉంటుంది, సేవ్ గెలిస్తే ఏమీ తగలదు, ఓడితే సగమే. అది మర్చిపోయి డామేజీ చెప్పేసి ఉంటే వెనక్కి తీసుకో.

మీ బావ మాట. ఆయన్ని ఎవరూ ఎగతాళి చేయొద్దు, ఆయన చెప్పింది కల్పించిన మాట కాదు. 1978 నాటి అడ్వాన్స్‌డ్ డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌లో ఫైర్‌బాల్ ఇంత ఘనపరిమాణం నింపుతుందని ఉండేది, 33,000 ఘనపుటడుగులు, అంటే 10 అడుగుల ఘనాలు 33. 20 అడుగుల వ్యాసార్ధం ఉన్న గోళం లెక్క కడితే సుమారు 33,500 వస్తుంది, అక్కణ్ణుంచి పుట్టిన అంకె అది. గది చిన్నదైతే మిగిలిన మంట ఖాళీ ఎక్కడుంటే అక్కడికి పోయేది. మీ గదికే వేసి చూడు, కప్పు 10 అడుగుల ఎత్తు అనుకుందాం. 30 ఇంటూ 30 ఇంటూ 10, 9,000 ఘనపుటడుగులు. మిగిలింది 24,000. 10 బై 10 నడవాలో ప్రతి అడుగుకీ 100 ఘనపుటడుగులు పడతాయి, కాబట్టి మంట నడవాలో 240 అడుగుల దూరం పరిగెత్తాలి. గదికి ఇంకో దారి లేకపోతే మీ విజార్డ్, ఆయన పక్కనున్న మీ బావ క్లెరిక్, వాళ్ల వెనక టార్చ్ పట్టుకున్న మనిషి, అందరూ మాడిపోతారు. ఆ రోజుల్లో ఫైర్‌బాల్ వేయాలంటే గది కొలతలు అడిగి, లెక్క వేసుకుని వేసేవాళ్లు. అదొక అందమైన ఆట, నాకు చాలా ఇష్టం కూడా. కానీ అయిదో ఎడిషన్‌లో (2014, 2024 పుస్తకాలు రెండూ దానివే) ఆ రూల్ లేదు. ఇప్పుడు ఫైర్‌బాల్ అంటే 20 అడుగుల వ్యాసార్ధంతో గోళం, గోడ తగిలిన వైపు ఆగిపోతుంది, ఆగిన మంట ఇంకో వైపుకి పోదు. తలుపుకి తిన్నగా ఉన్న నడవాలోకి కూడా మామూలుగానే కొలవాలి, గది మధ్య నుంచి తలుపు 15 అడుగులు, కాబట్టి మంట నడవాలోకి 5 అడుగులు, అంటే ఒక గడి వస్తుంది. మీ విజార్డ్ సరిగ్గా గుమ్మంలో నిలబడి ఉంటే తప్ప బావ కోరిక తీరదు. ఆయనకి ఈ లెక్క చూపించు, సంతోషిస్తాడు. అందరికీ ఇష్టమైతే ఒక కథ వరకు ఆ పాత రూల్‌తో ఆడండి, అయితే కథ మొదలుపెట్టక ముందే ఒప్పుకోవాలి, డైస్ పడ్డాక కాదు.

విజార్డ్ "మనోళ్లని తప్పించి వేశాను" అన్నది మాత్రం నిలబడదు. ఫైర్‌బాల్ ఆ గోళంలో ఉన్న ప్రతి ప్రాణికీ తగులుతుంది, మనవాళ్లా పరాయివాళ్లా అని చూడదు. వేసినవాడు లోపల ఉంటే వేసినవాడికీ తగులుతుంది. అదే మీ బావ క్లెరిక్ వేసే స్పిరిట్ గార్డియన్స్ అయితే, వేసేటప్పుడు ఎవరిని వదిలేయాలో ఎంచుకోమని స్పెల్‌లోనే ఉంటుంది. ఇట్లాంటి తేడాలు స్పెల్ వాక్యంలోనే ఉంటాయి, ఎవరి గుర్తునీ నమ్ముకోకుండా వేసే ముందు ఆ వాక్యం పైకి చదివించు. ఒక మినహాయింపు ఉంది. మీవాడు ఎవోకేషన్ (మంట, మెరుపు లాంటి మంత్రాల శాఖ) స్పెషలిస్ట్ అయితే స్కల్ప్ట్ స్పెల్స్ అని ఒక శక్తి వస్తుంది, 2014లో 2వ లెవెల్‌కి, 2024లో 6వ లెవెల్‌కి. స్పెల్ లెవెల్‌కి 1 కలిపి అంతమందిని కాపాడొచ్చు, మామూలు ఫైర్‌బాల్‌కి నలుగురు. వాళ్లకి అసలేమీ తగలదు. కానీ వాళ్లు విజార్డ్‌కి కనిపించాలి. ఫైటర్ కనిపిస్తున్నాడు కాబట్టి బతికిపోతాడు, స్తంభం చాటు రోగ్ విజార్డ్‌కి కూడా కనిపించకపోతే ఆమెని కాపాడలేడు. కేరక్టర్ షీట్ తీసి చూడండి. ఆ శక్తి ఉండి అందరూ మర్చిపోయి ఉంటే సగం సమస్య తీరిపోయినట్టే.

జాలీ సంగతి చిన్నది. హోల్డ్ పర్సన్ ఏరియా కాదు, 60 అడుగుల లోపల కనిపించే ఒక మనిషిని ఎంచుకోమంటుంది. రెండు కావాలి, కనిపించాలి, దారి ఉండాలి. రాతి జాలీకి కన్నాలుంటాయి కాబట్టి రెండూ ఉన్నాయి. బాణాలు వేసే సందు, ఇనుప కటకటాల గేటు లాంటివి ముప్పావు కవర్ అని 2014 పుస్తకమే చెబుతుంది, జాలీ కూడా ఆ కోవలోదే. ఆ 5 కలిసేది ఆర్మర్ క్లాస్‌కీ (కొట్టడం ఎంత కష్టమో చెప్పే అంకె) డెక్స్టెరిటీ సేవ్‌కీ, హోల్డ్ పర్సన్ అడిగేది విజ్డమ్ సేవ్ (మనోబలంతో తట్టుకోవడం), కాబట్టి పూజారికి జాలీ ఏమీ సాయం చేయదు. ఫైర్‌బాల్‌కి మాత్రం చేస్తుంది, పాయింట్ గదిలో ఉంటే జాలీ చాటునుంచి 5 కలుపుకుని సేవ్ వేస్తాడు. జాలీ బదులు అద్దం ఉంటే? కనిపిస్తాడు కానీ దారి లేదు, కాబట్టి పడదు. చాలా టేబుళ్లలో పడనిస్తారు, నేను పడనివ్వను. అద్దం పగలగొట్టడానికి ఒకరు, స్పెల్ వేయడానికి ఒకరు కలిసి పనిచేస్తే ఆట బాగుంటుంది.

మీ విజార్డ్‌కి థండర్‌వేవ్ ఉంటే ఇప్పుడే ఒక మాట చెప్పి పెట్టు, తర్వాతి గొడవ దాని మీదే వస్తుంది. అది 15 అడుగుల ఘనం, కానీ వేసేవాడు దాని మధ్యలో ఉండడు. ఘనానికి ఒక ముఖం మీద ఉంటాడు. కాబట్టి దెబ్బ ఒక వైపుకే పోతుంది, వెనకున్న మనోళ్లు క్షేమం.

ఇప్పుడు మీ గది. గ్రిడ్ మీద ఇది 6 గళ్లు బై 6 గళ్లు, గడికి 5 అడుగులు. పాయింట్‌ని గళ్లు కలిసే మూల మీద పెట్టాలి, ఒక గడిలో సగమైనా వలయంలో పడితే ఆ గడిలో ఉన్నవాళ్లకి తగులుతుంది. మీవాడు అన్నట్టు సరిగ్గా మధ్యలో పెడితే 36 గళ్లూ పోతాయి, మూలగళ్లతో సహా. గదిలో తప్పించుకునే చోటే లేదు. అదే పాయింట్‌ని ఎదుటి గోడ మధ్యకి, గోడ మొదట్లోకి జరిపి చూడు. తలుపు వైపు రెండు వరుసలు పూర్తిగా బయట. మూడో వరుసలో రెండు చివరి గళ్లు కూడా బయట. కాలేది 22 గళ్లు. ఫైటర్ రెండు గళ్లు వెనక్కి వస్తే చాలు, గాబ్లిన్లలో ఎక్కువ భాగం కాలిపోతాయి, ఫైటర్‌కి వెంట్రుక కూడా కాలదు. మీ విజార్డ్ ఈ బొమ్మ చూసి ఉంటే గది మధ్యలో వేసేవాడా?

అందుకే ఫైటర్ సంగతి నీ మీద పెడుతున్నా. 5వ లెవెల్ విజార్డ్ ఏళ్ల తరబడి మంత్రం నేర్చుకున్న మనిషి, తన మంట ఎంత దూరం పోతుందో అతనికి చేతి కొలతలా తెలిసి ఉంటుంది. ఆడే కుర్రాడికి తెలియకపోవచ్చు. కేరక్టర్‌కి తెలిసిన విషయం ఆటగాడికి చెప్పడం డీఎం పని. కంప్యూటర్ గేముల్లో వేసే ముందే నేల మీద వలయం కనిపిస్తుంది, అది చూసి అలవాటైనవాళ్లు మన టేబుల్ దగ్గర కూడా ఎవరో చూపిస్తారనే అనుకుంటారు, ఆ అనుకోవడంలో తప్పులేదు. "ఇక్కడ పెడితే ఫైటర్ కూడా లోపలే ఉంటాడు, సరేనా?" అని ఒక్క మాట అడిగి, తెలిసి కూడా సరే అంటే అప్పుడు డైస్ వేయించు. అప్పుడు ఫైటర్ పడిపోయినా అది కథ అవుతుంది, మోసం అనిపించదు. ఫైటర్ ఆడేవాణ్ణి కూడా అడగాలి, కొందరు "వెయ్ రా, నేను చూసుకుంటా" అంటారు, ఆ క్షణం కోసమే ఈ ఆట ఆడేవాళ్లున్నారు.

ఈ వారం ఇట్లా చెయ్. ఆదివారం దాకా ఆగొద్దు, ఈరోజే ఫైటర్ ఆడేవాడికి ఫోన్ చెయ్, మెసేజ్ కాదు. వలయం చూపించకుండా డైస్ వేయించానని చెప్పు, ఆ ఒక్క టర్న్ మళ్లీ ఆడదామని చెప్పు. పడ్డ డైస్ అట్లాగే ఉంచు, డామేజీ అదే, సేవ్‌లు అవే, విజార్డ్‌కి పాయింట్ మాత్రం మళ్లీ పెట్టుకునే అవకాశం ఇవ్వు. మొత్తం ఫైట్ వెనక్కి తిప్పొద్దు, అట్లా చేస్తే గాబ్లిన్లని కొట్టినవాళ్లు అలుగుతారు. రోగ్ దగ్గర స్తంభం ఏ వైపు ఉందో ఆమెనే మ్యాప్ మీద గీయమను, మీరు గీసింది ఒకటి, ఆమె ఊహించుకున్నది ఒకటి అయ్యుండొచ్చు, అట్లా అయితే ఆమె ఊహకే ఓటు వెయ్, దాక్కున్నది ఆమె కాబట్టి.

గాంధీ రోడ్డులో ఏ స్టేషనరీ షాపులోనైనా చార్టులు దొరుకుతాయి, ఒకటి తెచ్చి అంగుళం గళ్లు గీసుకో. హార్డ్‌వేర్ షాపులో కాస్త బైండింగ్ వైరు తీసుకుని 8 అంగుళాల వ్యాసంతో వలయం ఒకటి వంచు, అది ఫైర్‌బాల్. బొమ్మల మీదుగా పెడితే లోపల ఎవరున్నారో, బయట ఎవరున్నారో అందరికీ కనిపిస్తుంది. మ్యాప్ లేకుండా నోటితోనే ఆడే రోజుల్లో 2014 డంజియన్ మాస్టర్స్ గైడ్‌లో ఎంతమందికి తగులుతుందో చెప్పే ఒక సులువు లెక్క ఉంది: గోళానికి వ్యాసార్ధాన్ని 5తో భాగించు, కోన్‌కి పొడవుని 10తో, లైన్‌కి 30తో, మిగిలితే పై అంకెకి తీసుకో. ఫైర్‌బాల్‌కి నలుగురు, 15 అడుగుల బర్నింగ్ హ్యాండ్స్‌కి ఇద్దరు, 100 అడుగుల లైట్నింగ్ బోల్ట్‌కి నలుగురు. మనోళ్లు శత్రువులతో పెనవేసుకుని కొట్లాడుతుంటే ఆ నలుగురిలో ఒకరు మనోడే కావచ్చని ముందే చెప్పెయ్. ఆ వైరు వలయాన్ని మాత్రం విజార్డ్ ఆడేవాడి చేతికే ఇవ్వు, పాయింట్ ఎక్కడ పెట్టాలో అతనే పెట్టి, అందరూ చూశాక "వేస్తున్నా" అనాలి.